రెక్కీ అన్న మాట

హవల్దారు సైన్యంలో పద్దెనిమిదేళ్ళు ఉన్నాడు. అందులో పదకొండేళ్ళు రెక్కీ పనే. రెక్కీ అంటే సిపాయిల మాటలో దళానికి ముందుగా వెళ్ళి దారి చూసి రావడం. వంతెన బరువు ఆపుతుందా, వాగు లోతెంత, ఏ మలుపులో ఎవరు పొంచి ఉన్నారు అని చూసి చెప్పాలి. "నేను తప్పు చెబితే నా వెనకాల ముప్పైమంది పోతారు" అనేవాడు భార్యతో.

సైన్యం నుంచి వచ్చాక రెడీమేడ్ దుస్తుల ఫ్యాక్టరీలో గేటు కాపలా చూస్తున్నాడు. ఒకరోజు మేనేజరు లోపలికి పిలిచి తలుపు మూశాడు.

"కాజాలు కుట్టే ఆవిడ నడుం నొప్పని మూడు వారాలుగా రావట్లేదు. అంతా నాటకం. మీరు ఆరితేరినవాళ్ళు కదా, ఓ నాలుగు రోజులు రెక్కీ చెయ్యండి. బరువెత్తుతూ ఒక్క ఫొటో దొరికితే చాలు."

ఆ మాట అతని నోట వింటే హవల్దారుకి తన కంచంలో ఎవరో చెయ్యి కడిగినట్టనిపించింది. రోజూ గేటు దగ్గర "అన్నయ్యా, మోకాలెలా ఉంది?" అని అడిగే మనిషి ఆవిడ. కానీ పై అధికారికి ఎదురు చెప్పే అలవాటు అతనికి లేదు.

ఆవిడ ఇంటి ఎదురుగా ఇస్త్రీ కొట్టు ఉంది. దాని మేడ మీద కిటికీ పక్కన, బట్టల మూటల మధ్య, దొంగపిల్లిలా నక్కాడు. రెండు రోజులు ఆవిడ గోడ పట్టుకుని నడవడమే చూశాడు. మూడో రోజు కుళాయి దగ్గర నీళ్ళ బకెట్ ఎత్తింది. ఫొటో తీసి ఫోను జేబులో వేసుకున్నాడు. రెండడుగులు వేసిందో లేదో బకెట్ దించేసి, గడప మీద కూలబడి, కొంగు పళ్ళ మధ్య కరిచి పట్టుకుంది. ఫోను జేబులోనే ఉండిపోయింది.

ఫొటో చూసి "రెక్కీ అదిరింది!" అని మేనేజరు భుజం తట్టాడు. ఆ చెయ్యి తగిలిన చోట జెర్రి పాకినట్టయింది. వారం తిరక్కుండా ఆవిడ ఉద్యోగం ఊడింది. గుర్తింపు కార్డు అప్పగించి వెళ్తూ కూడా "వస్తానన్నయ్యా" అంది.

ఆ పూట హవల్దారుకి ముద్ద దిగలేదు. భార్య నిలదీస్తే అంతా కక్కేశాడు.

"బకెట్ దించి కూలబడిందని చెప్పారా?"

"వాళ్ళు అడగలేదు."

"వంతెన ఉందని చెప్పి, విరిగిందన్న ముక్క మింగేసేవాణ్ణి మీ సైన్యంలో ఏమంటారు?"

అతను కంచం పక్కకి నెట్టి లేచాడు.

ఆవిడ కార్మిక శాఖలో ఫిర్యాదు చేసింది. విచారణ రోజున హవల్దారు పిలవకుండానే వెళ్ళి, చూసిందంతా చెప్పాడు. మేనేజరు మొహం మాడిపోయింది. ఆవిణ్ణి మళ్ళీ పనిలోకి తీసుకోమని అధికారి ఉత్తర్వు రాశాడు.

బయటికొచ్చాక ఆవిడ అడిగింది. "మూడు రోజులూ నన్నే చూస్తూ కూర్చున్నారా?"

"అవునమ్మా."

ఆవిడ పైట భుజాల నిండా కప్పుకుని అవతలి మెట్ల మీంచి దిగిపోయింది. అన్నయ్యా అనలేదు.

ఆ మధ్యాహ్నమే హవల్దారు టోపీ, ఈల మేనేజరు బల్ల మీద పెట్టేశాడు. గేటు దాటాక కాండ్రించి ఉమ్మాడు, మేనేజరు పేరు చెప్పి ఒకసారి, తన పేరు చెప్పుకుని రెండుసార్లు.