నూట అరవై డిగ్రీల జ్వరం

ఆ రోజుల్లో మా విజయనగరంలో మోటారు సైకిలు ఉన్న ఇంటికి పిల్లనివ్వడానికి ఎవరూ వెనకాడేవారు కాదు. మా ఇంట్లో అది లేదు, నాన్నగారి పాత సైకిలు ఉంది. నేనేమో బక్కపలచటి మనిషిని, గుమ్మంలోకి ముందు నా ముక్కు వచ్చేది, తర్వాత నేను వచ్చేవాణ్ణి. అప్పటికి మూడు ఇళ్ళలో పెళ్ళిచూపుల ఉప్మా తిన్నాను, మూడు చోట్ల నుంచీ మళ్ళీ కబురు లేదు. రామతీర్థం దగ్గరి పల్లెటూరి సంబంధం నాలుగోది. ఇది కూడా తప్పిపోతే ఇంక నీ ముఖం నేను చూడలేనురా అని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. (ఆ ముఖం ఆవిడ పోలికే. ఆ మాట ఎవరూ అనలేదు.) చివరికి తన తమ్ముణ్ణి, అంటే మా మావని పిలిపించింది. మావకి ఓ పాత మిలటరీ మోటారు సైకిలు ఉండేది. దాని వెనక కూర్చుని వెళితే నా ముక్కుని ఎవరూ పట్టించుకోరని ఆవిడ ఆశ.

మావకి పచారీ కొట్టు. సొంఠి, పిప్పళ్ళు, కరక్కాయలు తూచి తూచి తనే సగం వైద్యుణ్ణనుకునేవాడు, ఎవరు కనబడినా ముందు నాడి పట్టుకునేవాడు. అలాంటివాడికి విశాఖపట్నం పాతసామాన్ల దుకాణంలో ఏదో ఇంగ్లీషు కారు నుంచి ఊడదీసిన మీటరు దొరికింది. ఇంజన్లో నూనె ఎంత వేడెక్కిందో ముల్లుతో చూపిస్తుందిట. మెకానిక్కు చేత నూనె టాంకీ మూతకి బెజ్జం వేయించి, దాని రాగి తీగని లోపలికి దించి, సాసరంత డయలుని హేండిలుకి కట్టించాడు. ఎంత వేడి ఉండాలో మాత్రం ఎవరినీ అడగలేదు, అడగాల్సిన అవసరం ఆయనకి కనబడలేదు. "మడిసికి రగతం ఎలాగో బండికి నూనె అలాగరా అల్లుడూ. తొంభై ఎనిమిదీ పాయింటు నాలుగుంటే ఆరోగ్యం. నూరు దాటిందా, జొరం!" అన్నాడు.

పెళ్ళిచూపుల రోజు పొద్దున్న బయల్దేరేసరికి ముల్లు తొంభై దగ్గరుంది. "కాస్త నీరసంగా ఉన్నాది" అని మావ ఇంజను ఆడించి, ముల్లు తొంభై ఎనిమిదికి రాగానే "అదీ! ఎక్కు" అన్నాడు. నేను కొత్త పంచె సర్దుకుని ఎక్కాను. వైశాఖమాసపు ఎండ. నెల్లిమర్ల ఇంకా రాకుండానే మావ కెవ్వుమని బండి ఆపేశాడు. "నూట అరవైరా! మడిసైతే ఈపాటికి పాడె మీదుండును!" అన్నాడు. కాసేపు చింతచెట్టు నీడలో నిలబెట్టి, కండువా తడిపి ఇంజను మీద వేసి విసిరాం. తడిబట్ట పడగానే ఇంజను సుయ్యిమంది. "పలవరిస్తన్నాది" అన్నాడు మావ. వర్జ్యం వచ్చేస్తుంది మావా, వెళ్ళిపోదాం అని నేను సీటు మీద కాలు వేయబోతే కసిరాడు. "జొరమున్నోడి మీదెక్కి కూకుంటావేటి? నీకు జాలి నేదేటిరా?"

అంచేత తోసుకుంటూ నడిచాం. నా కొత్త పంచె నిండా నూనె మరకలు పడ్డాయి. వెనకనుంచి గడ్డిబండి తోలుకొస్తున్న రైతు ఆగి, "పెట్రోలు అయిపోనాదేటి బాబూ?" అన్నాడు. "కాదు, జొరం" అన్నాడు మావ. ఆ మహానుభావుడు నవ్వితే బాగుండేది, మావకి సిగ్గేసి ఎక్కి తోలేవాడు. నవ్వలేదు. "అయ్యో పాపం" అని దిగి, గడ్డి సర్ది, భుజం పట్టాడు. ముగ్గురం కలిసి మోటారు సైకిలుని బండి మీద పడుకోబెట్టాం. అది తడికండువా కప్పుకుని దర్జాగా పడుకుంది. పెళ్ళికొడుకునైన నేను వెనకాల నడిచాను.

ఊళ్ళోకి వెళ్ళేసరికి గడ్డి మీద కండువా కప్పిన ఆకారాన్ని చూసి, ఎవరో పోయారనుకుని ఆడవాళ్ళు ఏడుపు లంకించుకున్నారు. పిల్ల తండ్రి వీధిలోకి పరిగెత్తుకొచ్చి, సంగతి విని, ఎగాదిగా చూశాడు. "వర్జ్యం వచ్చీసినాది. పొద్దుట్నుంచి కాసుకుని కూకున్నాం. మోటరు సైకిలికి జొరమేటండీ! పిచ్చోలికి పిల్లనిస్తామేటి? ఎల్లిపోండి" అన్నాడు. అప్పుడే గుమ్మం పక్కన ఆ పిల్ల కనబడింది. నవ్వు ఆపుకోలేక పైట నోటికి అడ్డం పెట్టుకుంది. ఒక్కసారి చూశాను, నా ప్రాణం పోయింది. ఇంత మంచి పిల్ల ఓ డొక్కు మీటరు మూలంగా చెయ్యి జారిపోతోందే అని నిజంగా ఏడుపొచ్చింది.

"నాన్నా" అంది ఆ పిల్ల. "బండికి జొరమని దాన్ని పడుకోబెట్టి ఆళ్ళు ఎండలో నడిసొచ్చినారు. రేపు నాకు జొరమొస్తే సూడరేటి?"

ఆయన నా పంచె మీది మరకలకేసి ఓసారి చూశాడు. లోపలికి తిరిగి, "ఉప్మా ఎట్టండి" అన్నాడు.

చాలా ఏళ్ళ తర్వాత లారీల షెడ్డున్న స్నేహితుడొకడు చెప్పాడు, ఆ డయలు మీద నూట అరవై అంటే నూనె నిక్షేపంగా ఉన్నట్టేననీ, ఇంకొంచెం కాగినా తప్పులేదనీ. మావ బతికున్నన్నాళ్ళూ ఆ సంగతి ఆయన చెవిన వెయ్యలేదు. మా ఆవిడకీ చెప్పలేదు. ఇన్నేళ్ళ కాపురం అయ్యాక చెబితే మాత్రం ఏమవుతుందిలే అని అప్పుడప్పుడు నోటిదాకా వస్తుంది. అంతలో ఎడ్లబండి వెనక మురికి పంచెతో, ఏడుపు ముఖంతో నడుస్తున్న ఆ బక్క కుర్రాడు గుర్తొస్తాడు. పాపం, ఇప్పుడు వాడి పెళ్ళి చెడగొట్టడమెందుకని ఊరుకుంటాను.