కాలవగట్టు మలుపుల్లో పిన్ని కారు

మా పిన్ని పోయిన సంగతి ఫోన్ చేసి చెప్పింది బాబాయే. రాజమండ్రి ఆసుపత్రికి బయల్దేరదామని కారు స్టార్టు చేసి, స్టీరింగు మీదే వాలిపోయిందట. "మీ పిన్ని పలకట్లేదురా. నేను కిందికి దిగలేకపోతున్నాను" అన్నాడు పక్క సీట్లోంచి. మండపేటలో ఆఫీసు నుంచి నేను పరిగెత్తుకెళ్లేసరికి అంతా అయిపోయింది.

బాబాయికి కేన్సర్ వెన్నులోకి పాకింది. వారం వారం కాలవగట్టు మీదుగా ఆసుపత్రికి వెళ్లాలి. పిన్నిది పాత చిన్న కారు. మలుపు తిరిగినప్పుడల్లా ఓ పక్కకి ఒరిగేది, ఆ బరువంతా ఆయన నడుం మీద పడేది. అరిచేవాడు కాదు, పళ్లు బిగపట్టేవాడు.

అది చూడలేక పిన్ని ధవళేశ్వరంలో ఓ షెడ్డుకి వెళ్లి గట్టి స్ప్రింగులు వేయించింది. మలుపుల్లో కారు నేలకి అతుక్కున్నట్టే తిరిగింది. మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే బాబాయికి స్పృహ తప్పింది. వాటిని తీయించి మెత్తటివి వేయించింది. ఈసారి ఎదురొచ్చిన ధాన్యం లారీని తప్పించబోతే కారు ఊగి ఊగి కాలవ అంచున ఆగింది. వెనక సీట్లో నేనున్నాను. పిన్ని చాలాసేపు స్టీరింగు వదల్లేదు.

"గట్టివైతే ఈయన, మెత్తటివైతే అందరం పోయేలా ఉన్నాం" అంది చివరికి.

ఆవిడ హిందీ టీచరుగా రిటైరైంది. యంత్రాల జోలికి ఎప్పుడూ పోలేదు. అలాంటిది ఫోన్లో కార్ల వీడియోలు చూస్తూ కంచంలో అన్నం మరిచిపోయేది. మళ్లీ షెడ్డుకి వెళ్లాం.

"మలుపులో ఒరక్కూడదు, గతుకులో కొట్టకూడదు. రెండూ కుదరవాండీ?" అని అడిగింది.

"పూర్తిగా కుదరదండి" అన్నాడు మెకానిక్. "పాత స్ప్రింగులే ఉంచి, షాక్ అబ్జార్బర్లు మంచివి వేద్దాం. ముందు చక్రాలు రెంటినీ కలిపే రాడ్డు లావుది వేస్తే ఒరగడం తగ్గుద్దండి. స్పీడ్ బ్రేకర్ రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కుతాయి కాబట్టి అక్కడ ఇబ్బందుండదు. ఒక్క చక్రమే గోతిలో పడితే మాత్రం కుదుపు తెలుస్తాదండి."

"గోతుల సంగతి నేను చూసుకుంటాను" అంది పిన్ని.

చూసుకుంది. డిక్కీలో చిన్న పార పెట్టుకుని, బాబాయి పడుకున్న మధ్యాహ్నాలు ఒక్కతే వెళ్లి గట్టుమీద గోతులు మట్టితో పూడ్చేది. వాన పడితే మళ్లీ మొదలు. ఎందుకీ అవస్థ అంటే, "నొప్పి తీసెయ్యలేను కదరా. పెంచకుండా ఉండగలను" అనేది. ఒకసారి ఆసుపత్రికి వెళ్తుంటే బాబాయి కారు కిటికీలోంచి చూసి, "కాలవకి నీళ్లొదిలారే" అన్నాడు. దారిలో ఆయన నోరు విప్పి ఎన్నాళ్లయిందో. పిన్ని ఆ మాట ఇంటికొచ్చి అందరికీ చెప్పుకుంది.

పెద్దకర్మ అయిన మర్నాడు సెలవు పెట్టి బాబాయిని నేనే తీసుకెళ్లాను. నాకు ఆ దారి ఆవిడకి తెలిసినట్టు తెలియదు. కుదుపు కుదుపుకీ ఆయన మొహం చూడలేకపోయాను.

"వచ్చే వారం ఎవర్రా?" అన్నాడు.

"నేనే బాబాయ్" అన్నాను. ఎలాగో, ఎన్నాళ్లో నాకే తెలియదు.

ఇంటికి చేరేసరికి ఆయనకి నిద్ర పట్టింది. లేపితే నొప్పీ లేస్తుంది. అద్దంలోంచి ఎండ ఆయన కళ్లమీదికి వస్తోంది. నా అరచెయ్యి అడ్డంపెట్టి, కదలకుండా కూర్చున్నాను.