చొక్కా నడుము, మాల్యాద్రన్న రివాల్వరు

పదకొండేళ్లుగా ఒక సంగతి నా లోపలే మోసుకుని తిరుగుతున్నాను. వినే మనిషి లేక కాదు. మొదట్లో మా ఆవిడ ఉంది. ఒకే కంచంలో తిన్న మనిషికి చెప్పలేనిది ఇంకెవరికి చెబుతాను? ఆమె పోయి మూడేళ్లయింది. ఇప్పుడు ఎదురుగా కూర్చుని నా మొహం చూసేవాళ్లెవరూ లేరు కాబట్టే మీకు రాయగలుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు అక్కర్లేదు. ఆత్మకూరులో చొక్కాలు కుట్టే మనిషిననుకోండి, చాలు.

పుట్టింది ఉదయగిరిలో. మా ఇంట్లో అందరూ చెక్క చెంచాలు, గరిటెలు చెక్కి బతికినవాళ్లే. నాకూ ఆ పని వచ్చు. కానీ ఆ దుమ్ము నాకు పడక కుట్టుపని నేర్చుకుని ఇక్కడికి వచ్చేశాను. కుట్టులో నాకు పొగరు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను చేసిన తప్పంతా అందులోంచే పుట్టింది. నా చొక్కా వేసుకున్న మనిషి బస్టాండు దగ్గర నడిచిపోతుంటే, వెనకనుంచి చూసినవాళ్లు కూడా ఇది ఫలానావాడి కటింగేనని గుర్తుపట్టాలి. నడుము దగ్గర ఒక్క ముడత ఉండకూడదు. అప్పటికే రెడీమేడ్ అంగళ్లు వరసగా తెరుచుకుంటున్నాయి, నాకు గిరాకీ పడిపోతోంది. గిరాకీ పడిపోయేకొద్దీ పొగరు తగ్గాలి కదా? నాకు పెరిగింది.

మాల్యాద్రన్న చేజర్ల పక్క పల్లెలో పెద్ద రైతు. గట్టు తగాదా వచ్చినా, అన్నదమ్ముల పంపకమైనా చుట్టుపక్కల వాళ్లు ఆయన్నే మధ్యలో కూర్చోబెట్టుకునేవారు. పొడుగ్గా, సన్నగా, నిటారుగా ఉండేవాడు. ఆయన నా తెల్లచొక్కా వేసుకుని ఊళ్లో ఒక చుట్టు తిరిగితే నా అంగడికి బోర్డే అక్కర్లేదు. ఆయన్ని నేను ఇష్టపడ్డానా, ఆయన ఒంటిమీద నా చొక్కాను ఇష్టపడ్డానా? ఈ ప్రశ్న వేసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఒక పంపకంలో ఆయన చెప్పిన తీర్పు నచ్చక ఇద్దరు అన్నదమ్ములు పగబట్టారు. కలువాయి దారిలో కారుకు అడ్డంపడి చంపుతామన్నారు. ఆయన తుపాకీ లైసెన్సుకు పెట్టుకుని, ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి చివరకు సాధించుకున్నాడు. నెల్లూరులో తుపాకులమ్మే అంగట్లో రెండు రివాల్వర్లు చూశాడు. ఏది కొనాలో తేలక నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

తుపాకీ కొనడానికి టైలరును అడగడమేమిటని మీకు నవ్వొస్తుందేమో. పంచాయితీకి కూర్చునే పెద్దమనిషి నడుము దగ్గర తుపాకీ కనిపించిందంటే ఆయన పెద్దరికం ఆ రోజుతో సరి. భయపడ్డాడనైనా అంటారు, భయపెట్టడానికి వచ్చాడనైనా అంటారు. అందుకే అది ఒంటిమీద ఉండాలి, ఉన్నట్టు తెలియకూడదు. ఒకటి చిన్నది, అరచేతిలో సగం ఇమిడిపోతుంది, తేలిక. కానీ దాని తూటా సన్నం, దెబ్బలో బలం తక్కువ. రెండోదాని తూటా లావు, మీదికొచ్చే మనిషిని నిలబెట్టేస్తుందని ఆ అంగడాయన చెప్పాడట. కానీ అది బరువు, తూటాలు కూర్చే గుండ్రటి భాగం మందంగా ఉండి నడుముకు అడ్డం. ఆయన రెండింటినీ న్యూస్‌పేపరు మీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీయించుకుని, మందం కూడా రాయించుకుని తెచ్చాడు. మా ఇంటి పని ఊరికే పోతుందా? ఆ గీతల్ని బట్టి రెండు చెక్క తుపాకులు చెక్కాను. వారం తర్వాత ట్రయల్‌కు రమ్మన్నాను.

ఆయన వచ్చే ముందురోజు నేనే వాటిని నడుముకు పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. ఇక్కడ నెమ్మదిగా రాయాలి. పెద్దదాన్ని తుంటి ఎముకకు కాస్త వెనగ్గా, ఆ పల్లంలో పెట్టి, లోపల ఒక జేబు కుట్టి, చొక్కా నడుమును బాగా లూజు చేస్తే అది కనపడదు. అసలు కనపడదు. అటు తిరిగి, ఇటు తిరిగి, వంగి కూడా చూశాను. కానీ అలా చేయాలంటే ఆయన చొక్కాలన్నీ గోనెసంచుల్లా వదులు చేయాలి. ఆ నడుము పోతుంది. ఆ చొక్కాను చూసి ఎవరూ నా పేరు చెప్పరు.

మరునాడు ఆయన అద్దం ముందు నిలబడ్డాడు. చిన్నది పెట్టాను, ఏమీ తెలియలేదు. తర్వాత పెద్దది తీసి తుంటి ఎముక మీదే పెట్టాను. గుండ్రటి భాగం బయటికి పొడుచుకొచ్చేలా కొద్దిగా తిప్పాను కూడా. చెయ్యి జారి కాదు. తెలిసే తిప్పాను.

"ఏంది మాస్టరూ, కనపడతా ఉండాదే?"

"అవునన్నా. చూడండి, ఎట్టా ఉబ్బిందో."

"కొంచెం ఎనక్కి పెట్టి చూడు."

"యాడ పెట్టినా ఇంతేనన్నా. నిన్నంతా పెట్టి చూసినాను."

"ఆ అంగడాయన ఇదే తీసుకోమన్నాడు మాస్టరూ. చిన్నదాని దెబ్బకి మనిషి ఆగడంట."

"మీ మీదకొచ్చే మగోడు ఎవుడుండాడన్నా? తీసి చూపిస్తే చాలు, పారిపోతారు."

ఆయన నవ్వి చొక్కా సర్దుకున్నాడు. "సరే, నువ్వు చెప్పినాక ఇంకేముండాది. చిన్నదే తీసుకుంటాలే."

అంతే జరిగింది. ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన సంగతిని నేను నడుము కొలత కింద తేల్చేశాను.

ఏడాది దాటాక, మిట్టమధ్యాహ్నం, సోమశిల దారిలో ఆయన కారు ఆపి దిగినప్పుడు ఆ అన్నదమ్ములు వేటకొడవళ్లతో వచ్చారు. ఆయన రివాల్వరు తీశాడు. వాళ్లు పారిపోలేదు. రెండుసార్లు కాల్చాడు, రెండూ పెద్దవాడికి తగిలాయి, ఒకటి తొడలో, ఒకటి భుజంలో. వాడు ఆగలేదు. తూటాలు తిన్న మనిషే వచ్చి కొడవలి వేశాడు. ఆయన కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. అంతలో బస్సు రావడంతో వాళ్లు పొలాలకు అడ్డంపడి పోయారు, తర్వాత దొరికారు. ప్రాణం దక్కింది. చెయ్యి కూడా ఉందనే చెప్పాలి, మోచేతి కింద వేలాడుతూ ఉంది. వేళ్లు ముడుచుకోవు.

ఆసుపత్రికి వెళ్లాను. వదిన ఆయనకు అన్నం కలిపి నోట్లో పెడుతోంది. నన్ను చూసి ఆయన, "పెద్దదే కొనుండాల్సింది మాస్టరూ, నా తెలివి తెల్లారినట్టే ఉండాది" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. మంచం కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. వదినకు మంచినీళ్ల చెంబు అందించి వచ్చేశాను. మొదటి అబద్ధం ఒక్క నిమిషం పని. ఈ రెండోది ఇప్పటికీ నడుస్తోంది.

తప్పించుకునే దారులు వెతక్కుండా ఉన్నానా? రిటైరైన ఒక పోలీసాయన ప్యాంటు పొడుగు తగ్గించుకోవడానికి వస్తే, ఊరికే అడిగినట్టు అడిగాను. "తూటా సైజు కాదయ్యా, తగిలే చోటును బట్టి ఉంటాది. పెద్దది తగిలినా ఆగకుండా వచ్చినోళ్లను చూసినా" అన్నాడు. ఆ మాట పట్టుకుని కొన్నాళ్లు హాయిగా అన్నం తిన్నాను. పెద్దదైతే ఆ మనిషి చచ్చేవాడేమో, మాల్యాద్రన్న కోర్టుల పాలయ్యేవాడేమో, లెక్కన నేను మేలే చేశానేమో అని కూడా అనుకున్నాను. చూడండి నా సంగతి. కానీ అద్దం ముందు ఆ చెక్కముక్కను తిప్పినప్పుడు నా మనసులో ఈ ఆలోచనలేవీ లేవు. ఆ నడుము ఒక్కటే ఉంది.

ఒక శుక్రవారం మసీదులో నమాజు చదివించే హజ్రత్ చెప్పాడు, అల్లా పట్ల చేసిన తప్పును అల్లా మన్నిస్తాడు, సాటి మనిషికి చేసినదాన్ని ముందు ఆ మనిషే మన్నించాలని. నా పక్కన మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా జనం. అంతమందిలో అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను. అప్పటినుంచి దువాకు చేతులెత్తుతాను గానీ ఏమడగాలో తెలియదు.

మాల్యాద్రన్న ఇప్పుడు పంచాయితీలకు కూర్చోవడం మానేశాడు. నా దగ్గరికి రావడం మాత్రం మానలేదు. గుండీలు ఒంటిచేత్తో పెట్టుకోలేడని ప్రెస్ బటన్లు వేసి ఇస్తాను. కిందటి నెల వచ్చి, తల వంచుకుని, "కుడిచెయ్యి రెండంగుళాలు పొడుగు పెట్టు మాస్టరూ, ఈ వేళ్లు నలుగురికీ చూపించలేకపోతా ఉండాను" అన్నాడు. పెట్టాను. వేళ్లు దాచాను గానీ చొక్కా చెయ్యి పొడుగైనట్టు ఎవరికీ తెలియదు, అంత బాగా కుదిరింది. చూసినవాళ్లు మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు విని నాకు ఒక్క క్షణం సంతోషం కూడా కలిగింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

రేపు ఆయన ఇంకో చొక్కా కోసం వస్తాడు. చెబుతానా? వచ్చినప్పుడల్లా చెబుదామనే అనుకుంటాను. చెబితే ఆయన మన్నిస్తాడేమో, అదీ భయమే. మన్నించకపోతే ఆత్మకూరులో నన్ను పలకరించే ఆ ఒక్క మనిషీ ఉండడు. క్షమించమని మిమ్మల్ని అడగను. మీకేం సంబంధం?

ఇదంతా రాశాక, కలం పక్కన పెట్టి, అద్దం ముందు నిలబడి, "మాల్యాద్రన్నా, మీకు అబద్ధం చెప్పినాను" అని గట్టిగా అన్నాను. పదకొండేళ్లలో ఆ మాట నా చెవిన పడటం అదే మొదటిసారి. అంగట్లో ఎవరూ లేరు. కూర్చుని, చాలాసేపు ఏడ్చాను.