కదలొద్దమ్మ టేపు ముక్కలు

ఆస్పత్రిలో ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆమె కదలొద్దమ్మే. ఆ పేరు పెట్టిందెవరో గాని వాళ్ళ నోట్లో పంచదార పోయాలి. ఎక్స్‌రే గదిలో కొత్తగా చేరినప్పుడు, వచ్చిన ప్రతి మనిషికీ "ఊపిరి బిగబట్టండి, కదలొద్దు" అని చెప్పీ చెప్పీ, ఆ మాట ఆమె నాలుక మీదే కాపురం పెట్టేసింది. ఇంట్లో కూతురికి జడ వేస్తూ కదలొద్దంటుంది. మొగుడు నిచ్చెనెక్కి గోడకి మేకు కొడుతుంటే కింద నుంచి కదలొద్దంటుంది. ఆ మొగుడేమో డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే మాస్టారు. పొద్దస్తమానం పక్క సీట్లో కూర్చుని "కదలండి సార్, కదలండి, వెనక హారన్లు కొడుతున్నారు" అని గొంతు పోగొట్టుకుని ఇంటికొస్తాడు. వీళ్ళిద్దరికీ జోడీ ఎలా కుదిరిందా అని చుట్టాలు నవ్వుకుంటారు. ఇంట్లో ఒకరు బ్రేకు, ఒకరు గేరు ఉంటేనే బండి నడిచేదని ఆయన జవాబు.

కొన్నాళ్ళకి ఆమెను ఎక్స్‌రే గది నుంచి ఆపరేషన్ థియేటర్‌కి మార్చారు. కడుపులు, కాళ్ళు కోసే చోట ఫోటోలు తీసేదానికేం పని అని వాళ్ళ ఆడపడుచు అడిగింది కూడా. పని లేకపోవడమేం, బోలెడు. వెనకటిలా ఇంత పొడుగున కోసి, విరిగిన ఎముకను కళ్ళారా చూసి అతికించే రోజులు పోయాయి. ఇప్పుడు చిన్న గాటు పెట్టి, అందులోంచి తీగ దూర్చి, దాని మీదుగా మర బిగిస్తారు. తీగ లోపల ఎటు పోతోందో పైకి కనబడదు. దాన్ని చూపించడానికే సీ-ఆర్మ్ అని చక్రాల మీద నడిచే పెద్ద మెషీన్ ఒకటుంది. బల్లని కావిలించుకున్నట్టు వంపు తిరిగిన చెయ్యి దానిది. ఆ చేతి ఒక కొస నుంచి కిరణం వస్తుంది, రెండో కొస దాన్ని పట్టుకుంటుంది, పక్కనున్న తెర మీద బొమ్మ పడుతుంది. ఆ మెషీన్ని తోసేది, తిప్పేది, వంచేది, బొమ్మ తీసేది కదలొద్దమ్మ. కిడ్నీలో రాయి తీయాలన్నా ఆమె రావాలి, పిత్తనాళంలో గొట్టం వేయాలన్నా ఆమె రావాలి. మెడ నుంచి మోకాళ్ళ దాకా సీసం చొక్కా తగిలించుకుని, ఆ బరువుతో పొద్దుటి నుంచీ నిలబడాలి. సాయంత్రం దాన్ని విప్పి వంకీకి తగిలించినప్పుడు మనిషి గాల్లోకి లేస్తున్నట్టు ఉంటుందట. ఇంటికెళ్ళేదాకా ఆ తేలిక ఉంటుందని, వంటింట్లో అడుగు పెట్టగానే దిగిపోతుందని ఆమే చెబుతుంది.

ఆమెకి ఒక పంతం ఉంది. ఒక వ్యూకి ఒకే నొక్కు. బొమ్మ సరిగ్గా రాక మళ్ళీ నొక్కితే, ఆ అదనపు కిరణం బల్ల మీద ఉన్న మనిషి ఒంట్లోకీ పోతుంది, చుట్టూ నిలబడ్డవాళ్ళకీ ఎంతో కొంత తగులుతుంది. ఊరికే వస్తోంది కదా అని కొట్టుకుంటూ పోవడానికి అదేమన్నా కారు హారనా అని మొగుణ్ణి దెప్పిపొడుస్తూ ఉంటుంది.

తుంటి ఎముక ఆపరేషన్లలో ఈ పంతం నిలబెట్టుకోవడం కష్టం. ముందు వైపు నుంచి ఒక వ్యూ, పక్క నుంచి ఒక వ్యూ, డాక్టరు అడిగినప్పుడల్లా మెషీన్ అటూ ఇటూ తిరుగుతూనే ఉండాలి. ముందు వ్యూ సులువే. పక్క వ్యూ మాత్రం మహా పెంకిది. మెషీన్ చెయ్యి రెండు కాళ్ళ మధ్యకి దూరాలి, రెండో తొడ అడ్డం రాకూడదు, వాలు కాస్త తేడా పడినా ఎముక బదులు మబ్బు కనబడుతుంది. అందుకని ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. థియేటర్ బల్ల నేలకి బిగించి ఉంటుంది కాబట్టి, ముందు వ్యూకి చక్రాలు ఎక్కడ ఆగాలో నేల మీద ఎర్ర టేపు ముక్కలు, పక్క వ్యూకి నీలం టేపు ముక్కలు అతికించింది. ఇక చక్రం టేపు మీదకి తోయడం, నొక్కడం. డాక్టర్లు మెచ్చుకున్నారు, నర్సులు మెచ్చుకున్నారు. మెచ్చుకోనిది ఒక్క ఆయమ్మే.

ఆయమ్మ అంటే థియేటర్ కడిగే మనిషి. ఆమె చేత్తో కడిగిన నేలలో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు. థియేటర్ నేల మీద ఒక్క మరక, ఒక్క అంటు ఉండకూడదని ఆమెకి మొదటి రోజున పెద్ద నర్సు చెప్పింది. ఆ మాట చెప్పిన నర్సు రిటైరై వెళ్ళిపోయింది, ఆయమ్మ మాత్రం ఆ మాటను వదల్లేదు. టేపు కింద తడి చేరుతుంది, తడి కింద మురికి చేరుతుంది, ఆ మురికి కోసిన ఒంట్లోకి చేరుతుందని ఆమె వాదన. కాదనడానికి లేదు. అలాగని టేపు వద్దనడానికీ లేదు. ఇద్దరిదీ న్యాయమే, ఇద్దరూ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఈవిడ అతికిస్తుంది, ఆవిడ పీకుతుంది. ఈవిడ మళ్ళీ చక్రాలు సరిచూసుకుని అతికిస్తుంది, ఆవిడ మళ్ళీ పీకి, మిగిలిన జిగురుని బ్లేడుతో గీకి, బ్రష్షుతో తోమి, పైన ఒక చూపు చూసిపోతుంది. ఏళ్ళ తరబడి సాగింది ఈ భాగోతం. మధ్యలో థియేటర్ ఇన్‌ఛార్జి కలగజేసుకుని, ఇద్దరి చేతా చీవాట్లు తిని, ఆ జోలికి పోవడం మానేసింది.

అట్లాంటి ఒక ఉదయం కదలొద్దమ్మ వచ్చేసరికి ఎర్రవి, నీలివి ఒక్క ముక్క లేకుండా పీకేసి ఉన్నాయి. ఆయమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఆఖరి జిగురు గీకుతోంది. ఆ రోజు ఇంట్లో నీళ్ళ మోటారు పాడై, కూతురు అలిగి, మొగుడు టిఫిను డబ్బా మరిచిపోయి, ఈవిడ అప్పటికే ఉడుకుతూ ఉంది. ఉన్న కోపమంతా అక్కడ దింపింది.

"ఏదో ఒక రోజు నువ్వే ఆ బల్ల మీద పడుకుంటావు ఆయమ్మా. అప్పుడు తెలుస్తుంది నా టేపు విలువేంటో."

ఆయమ్మ జిగురు గీకుతూనే ఉంది. కదలొద్దమ్మ విసవిసా బయటికి నడిచి, సీసం చొక్కా వంకీ మీద నుంచి తీస్తుండగానే లోపల బకెట్టు దొర్లిన చప్పుడు, ఆ వెనకే మనిషి పడ్డ చప్పుడు వినిపించాయి. పరుగెత్తుకెళ్ళి చూస్తే ఆయమ్మ సబ్బునీళ్ళలో పక్కకి ఒరిగి ఉంది. లేవబోయి కాలు జారింది. కుడి పాదం బయటికి తిరిగిపోయి ఉంది. ఎన్ని తుంటులు చూసింది కదలొద్దమ్మ, ఫోటో తీయక్కర్లేకుండానే సంగతి అర్థమైంది. తన నోటి మాట ఇంకా ఆ గదిలోనే తిరుగుతున్నట్టు ఉంది.

తుంటి ఎముక మెడ విరిగిందని, మరీ పక్కకి జరగలేదు కాబట్టి మరలు బిగిస్తే సరిపోతుందని ఎముకల డాక్టరు చెప్పాడు. మరలు సరిగ్గా కూర్చుంటే మళ్ళీ నడుస్తుంది. కూర్చోకపోతే మాత్రం కర్రే గతి అన్నాడు. కర్ర పట్టుకున్న మనిషిని థియేటర్ కడిగే పనిలో ఎవరు ఉంచుకుంటారు? ఆయమ్మకి వెనకా ముందూ ఎవరూ లేరు. ఒక చెల్లెలుంది గాని ఆవిడదే కూలి బతుకు. వార్డులో పడుకుని ఆయమ్మ ఏడవలేదు, మూలగలేదు. కాలు సంగతి అడగలేదుగాని, తన బదులు వచ్చే మనిషి మూలలు తుడుస్తుందో లేదోనని మాత్రం వచ్చినవాళ్ళందరినీ అడిగింది.

ఆ రాత్రి కదలొద్దమ్మ ముద్ద మింగలేకపోయింది. తను అన్న మాట మొగుడితో చెప్పింది. నేల తడిగా ఉండి జారింది గాని నీ మాట వల్ల జారలేదోయ్ అని ఆయన నచ్చజెప్పాడు. ఆ తడి ఎందుకొచ్చింది, జిగురు కోసం. ఆ జిగురు ఎవరిది, నాది అని ఆమె లెక్క తేల్చింది. ఆ రాత్రి గిన్నెలు ఆయనే కడిగాడు.

మర్నాడు డాక్టరు, మనసు బాగోలేకపోతే వేరే వాళ్ళని పిలిపిస్తానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. పీకేసిన చోట మళ్ళీ టేపు అతికించడానికి మాత్రం మనసొప్పలేదు. నడుముకి మత్తిచ్చి ఆయమ్మని బల్ల మీద పడుకోబెట్టారు. మెలకువగానే ఉంది. మొహానికీ కాళ్ళకీ మధ్య గుడ్డ అడ్డం కట్టారు. కదలొద్దమ్మ అలవాటు కొద్దీ, ఊపిరి మామూలుగా తీసుకో ఆయమ్మా, కదలొద్దు అంది. నడుం కింద నేనున్నానో లేనో నాకే తెలియడం లేదు, ఇంక కదిలేదెక్కడ అని గుడ్డ అవతలి నుంచి వచ్చింది జవాబు. అందరూ నవ్వారు. కదలొద్దమ్మకి నవ్వు రాలేదు.

ముందు వ్యూ ఒక్క నొక్కులో వచ్చింది. డాక్టరు తీగ దూర్చి, పక్క వ్యూ అడిగాడు. ఆమె మెషీన్ తిప్పి నొక్కింది. మబ్బు. కాస్త జరిపి మళ్ళీ నొక్కింది. తొడ అడ్డొచ్చింది. ఎప్పుడూ లేనిది మూడో నొక్కు కూడా వృథా అయింది. పక్క నుంచి చూడకుండా తీగ ఎముక తలలోనే ఉందో, వెనక నుంచి బయటికి పొడుచుకొచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. డాక్టరు చేతిలో తీగ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

గుడ్డ అవతలి నుంచి ఆయమ్మ నెమ్మదిగా అడిగింది.

"టేపు ఉంటే ఈపాటికి అయిపోయేదా, అమ్మాయ్?"

అబద్ధం చెబుదామనుకుంది గాని నోరు రాలేదు. "అయ్యేది ఆయమ్మా," అంది.

"మరి నేను పీకిన చోటు నీకు తెలీదూ? అన్నేళ్ళు గీకానే."

కదలొద్దమ్మ కిందికి చూసింది. తెర బాగా కనబడాలని పైన పెద్ద దీపాలు ఆర్పారు. మూలనున్న దీపం వెలుతురు నేల మీద ఏటవాలుగా పడుతోంది. ఆ వెలుతురులో నిగనిగలాడే నేల మధ్య, అక్కడక్కడా టేపు ముక్కంత మేర నునుపు పోయి వెలిసిన మచ్చలు ఉన్నాయి. బ్లేడు పెట్టి గీకి, బ్రష్షు పెట్టి తోమి, ఆయమ్మ అరగదీసిన చోట్లు. టేపులు పీకేసి ఉన్నప్పుడు ఇన్నేళ్ళూ ఈ నేలను చూస్తూనే ఉంది. కోపంతో చూసింది గనక మచ్చలు కనబడలేదు. ఎర్రవాటివి అటు, నీలివాటివి ఇటు, ఒక్కటీ తప్పిపోకుండా ఉన్నాయి.

చక్రాల్ని మచ్చల మీదకి తోసింది. వాలు సరిచూసింది. నొక్కింది.

తెర మీద ఎముక తల గుండ్రంగా, దాని నడిబొడ్డున తీగ తెల్లగా కనబడ్డాయి. డాక్టరు ఊపిరి వదిలిన చప్పుడు మాస్కులోంచి కూడా వినబడింది. ఇక అక్కడి నుంచి ఎన్నిసార్లు అటూ ఇటూ తిప్పమన్నా వ్యూకి ఒక నొక్కే. మరలన్నీ కూర్చున్నాక కదలొద్దమ్మ గుడ్డ చుట్టూ తిరిగి ఆయమ్మ తల దగ్గరికి వెళ్ళింది. నిన్న అలా అని ఉండాల్సింది కాదు అంది. కళ్ళు నిండాయి, తుడుచుకోవడానికి చేతికి గ్లవుజులు అడ్డం. ఆయమ్మ ఆమెను తేరిపార చూసి, ఆ కన్నీళ్ళు కింద పడనివ్వకు, ఇప్పుడు తుడవడానికి నేను లేను అంది.

ఆయమ్మ మంచం దిగి, చేతికర్ర పట్టుకుని, తర్వాత దాన్ని వదిలి నడిచేసరికి ఒక కాలం మారిపోయింది. ఈలోగా కదలొద్దమ్మ మచ్చల మీద మళ్ళీ టేపులు అతికించింది గాని, ఆయమ్మ బదులు వచ్చిన మనిషి వాటి జోలికి పోలేదు. పోకపోవడమే కదలొద్దమ్మకి వెలితిగా ఉండేది. అంచులు నల్లబడి, కొసలు లేచి, చూడ్డానికే రోత పుట్టి ఒకరోజు తనే పీకి పారేసి కొత్తవి అతికించింది. ఆయమ్మ చెప్పిందాంట్లో తప్పేం లేదని మొగుడి దగ్గర ఒప్పుకుంది గాని, ఆ మాట థియేటర్ వాళ్ళ చెవిన వేయొద్దని ఒట్టు వేయించుకుంది.

ఆయమ్మ తిరిగి పనిలోకి వచ్చిన రోజు కదలొద్దమ్మ కాస్త ముందుగానే బయల్దేరింది. థియేటర్ తలుపు నెట్టి లోపల అడుగు పెట్టబోయింది. నేల అద్దంలా ఉంది. బల్ల చుట్టూ వెలిసిన మచ్చల మీద కొత్త టేపు ముక్కలు, ఎర్రవి ఎర్రవాటి చోట, నీలివి నీలివాటి చోట, ఒక్క అంచు లేవకుండా అంటించి ఉన్నాయి. నిన్నటివి పీకి, కింద కడిగి, ఆరబెట్టి, మళ్ళీ అతికించాలంటే ఎంత సేపు పడుతుందో కదలొద్దమ్మకి తెలుసు. ఆ మూల ఆయమ్మ బ్రష్షు పట్టుకుని నిలబడి ఉంది. కొద్దిగా కుడి కాలు మీద ఆచితూచి నిలబడుతోంది, అంతే.

ఆమె వైపు పోబోయిన కదలొద్దమ్మని చూసి ఆయమ్మ చెయ్యెత్తింది.

"అక్కడే ఉండు, అమ్మాయ్. ఇంకా తడిగా ఉంది. కదలొద్దు."

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆమెకి ఎవరూ చెప్పలేదు. గుమ్మంలోనే, చేతిసంచీ భుజాన పట్టుకుని, నేల ఆరేదాకా బుద్ధిగా నిలబడింది.