బటన్, బటన్, బటన్

నెలాఖరు రిపోర్టు మీద సంతకం పెట్టేటప్పుడు ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది.

ఆ రోజు యాకుత్‌పురా రైల్వే స్టేషన్‌లో నా పక్కన చూపులేని మనిషి ఒకాయన కూర్చున్నాడు. వేలు జరిపినప్పుడల్లా, తెర మీద ఉన్నది చదివి వినిపించే ఆయన ఫోన్ "బటన్, బటన్, బటన్" అంటోంది తప్ప, అది ఏ బటనో చెప్పడం లేదు. తెర వైపు తొంగిచూశాను. అది మా ఆస్పత్రి యాప్. చూపులేనివాళ్లు దాన్ని వాడగలుగుతున్నారా లేదా అని నెలనెలా పరీక్షించి రిపోర్టు రాయడమే నా ఉద్యోగం. నేనేమో కళ్లతో చూసి, 'అంతా బాగుంది' అని రాసేవాణ్ణి.

"పోయినసారి తప్పు బటన్ నొక్కిన అన్నా, అమ్మ డయాలసిస్ క్యాన్సిలైంది. కంప్లయింట్ ఇస్తే, నెలనెలా చెక్ చేస్తున్నం, అంతా బాగుంది అన్నరు."

మెడలోని ఆఫీసు కార్డును గబుక్కున చొక్కాలో దాచేశాను. ఆయనకు అది కనబడదని కూడా నాకు తోచలేదు.

"జర నా వేలు పట్టుకొని బుకింగ్ బటన్ మీద పెట్టవా?"

పట్టుకున్నాను.

"గట్ల వణుకుతున్నవేంది అన్నా? ఫికర్ చెయ్యకు. తప్పైతే నేనే నొక్కిన అని చెప్త."