యోబు పరీక్షించిన బీకన్

యోబు గని ల్యాంపు రూములో పనిచేసి రిటైరైన మనిషి. షిఫ్టుకు వచ్చినవాళ్ళకు టోపీ దీపం అందిస్తూ "వెలిగించి చూపి పో" అనేవాడు. చూపకపోతే మేనేజరునైనా కిటికీ దగ్గర నుంచి కదలనిచ్చేవాడు కాదు.

కూతురు ఫెబా అండమాన్‌లో టూరిస్టులను సముద్రం అడుగుకు తీసుకుపోయి చేపలు చూపించి తెస్తుంది. నిరుడు ప్రవాహం ఆమెను పడవకు దూరంగా లాక్కుపోయింది. ఎవరో జాలర్లు అలల్లో ఆమె తలను చూశారు కాబట్టి బతికింది. ఈసారి సెలవుకొచ్చినప్పుడు, ఒంటికి తగిలించుకుని ఆపదలో సిగ్నల్ పంపే బీకన్ కొనమని యోబు ప్రాణం తోడేశాడు.

"రెండు రకాలున్నయి బాపు. ఒకటి చుట్టుపక్కల ఓడలకు చెప్తది, ఇంకోటి శాటిలైట్‌కు."

"పక్కనున్నోడే జల్ది వస్తడు గద బిడ్డా."

"వాని పడవల ఆ సిగ్నల్ పట్టే మిషన్ ఉంటె వస్తడు. చేపల పడవలల్ల ఏడుంటది?"

"అయితె పైనున్నదానికే చెప్పుకుందాం."

అదే తెప్పించి, ఫెబా ఫోను నంబరుతో రిజిస్టరు చేశారు. ప్రయాణం రోజు పొద్దున ఫెబా బట్టలు సర్దుకుంటుంటే యోబు దాన్ని వాకిట్లోకి తెచ్చాడు. వెలిగించి చూడకుండా బిడ్డను నీళ్ళలోకి ఎట్లా దింపుతాడు? సీలు తెంపి, యాంటెన్నా లాగి, బటన్ నొక్కాడు. లైటు మిణుకుమంది. ఎంతసేపు వెలుగుతుందో కూడా చూద్దామని గోడ మీద పెట్టి చాయ్ తాగుతూ కూర్చున్నాడు.

ఫెబా ఫోను మోగింది. సముద్రంలో తప్పిపోయినవాళ్ళను వెతికే ఆఫీసు. "ఆపదలో ఉన్నారా? మీ బీకన్ బొగ్గు గనుల దగ్గర చూపిస్తోందేంటి?" అని వాళ్ళే అయోమయంగా అడిగారు. ఆమె సంగతి చెప్పి వాకిట్లోకి ఉరికింది.

"ఏం చేసినవ్ బాపు?"

"మస్తుగ వెలుగుతున్నది బిడ్డా!"

"పరీక్షకు వేరే బటన్ ఉన్నది! నన్నడిగితె చెప్పకపోదునా? ఇగ బ్యాటరీని నమ్మరాదు. కంపెనీకి పంపి మార్పియ్యాలె."

"ఛార్జింగ్ పెడితె?"

"అది నీ గని ల్యాంపు కాదు, ఛార్జింగ్ ఎక్కదు."

యోబు బీకన్‌ను ఆపి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇది బాగై వచ్చేదాక ఆగు."

"పోకుంటె నా జాగల ఇంకొకరొస్తరు. నా కాడ రంగు ట్యూబు ఉన్నది, దూరమున్నోళ్ళకు కనవడేటట్టు ఊది పైకి లేపుత."

"నిరుడు సుత ఉండె గద అది."

ఫెబా బ్యాగు జిప్పు లాగింది.

అండమాన్ చేరాక ఫెబా కంపెనీ చిరునామా పంపింది. యోబు కొరియర్ దుకాణానికి పోయాడు.

"లోపల ఏమున్నది కాకా?" దుకాణం నడిపే లింగమూర్తి అడిగాడు.

"బ్యాటరీ మిషన్."

"అయితె విమానంల పోదు. లారీలనే. ఎప్పుడు చేరుతదో చెప్పలేను."

"జల్ది పంపే తొవ్వ లేదా?"

"లేదు కాకా."

జేబులో ఫోను మోగింది. ఫెబా మెసేజ్: పడవ ఎక్కుతున్న, ఇగ ఫోను కలవదు.

యోబు వెంటనే ఫోను కొట్టాడు. కలవలేదు. మళ్ళీ కొట్టాడు. వెనక వరసలో ఉన్నామె "జర జరుగు తాతా" అంది. బీకన్ డబ్బా పట్టుకుని పక్కకు జరిగాడు.