గౌలిపురకు నేను తెచ్చిన సముద్రం

పడవలు ముంచినవాళ్ళను మీరు చూసి ఉంటారు. ఇల్లు ముంచినవాళ్ళయితే ప్రతి వీధిలోనూ ఉంటారు. సముద్రాన్నే చంపిన మనిషి మాత్రం నేనొక్కడినే అనుకుంటాను. అది కూడా ఏ దురుద్దేశంతోనో కాదు, ఉపవాసముండి, మోకాళ్ళమీద ప్రార్థన చేసి మరీ చంపాను. ఎలా చంపానో చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. ఆ రోజుల్లో మా చర్చి సంఘంలో నవ్వనివాడిని నేనొక్కడినే, ఆ లోటు ఇప్పటికీ తీరలేదు.

అప్పటికి రెండో ప్రపంచయుద్ధం మొదలు కాలేదు. వారమంతా రైల్వే గూడ్స్ షెడ్డులో గుమాస్తాను, ఆదివారం గౌలిపురలోని మా చిన్న చర్చిలో సండేస్కూలు పంతులును. బైబిలు వాక్యం నాకు కంఠతా వచ్చు. నా కష్టాలన్నిటికీ అదే మూలం. ఎవరికి తలనొప్పి వచ్చినా, ఎవరి మేక తప్పిపోయినా నా దగ్గర ఒక వాక్యం సిద్ధంగా ఉండేది. తలనొప్పి తగ్గేది కాదు, మేక దొరికేది కాదు, కాని వాక్యం మాత్రం తప్పు పోయేది కాదు.

నా క్లాసులో పన్నెండుమంది పిల్లలు. వాళ్ళే నా రాజ్యం. ఆ రాజ్యం మీదికి ఆశీర్వాదం అనేవాడు హార్మోనియంతో దండెత్తి వచ్చాడు. చర్చి వరండాలో రెండో క్లాసు పెట్టి పాటలు నేర్పడం మొదలుపెట్టాడు. నేను లోపల ప్రవక్తల గురించి చెబుతుంటే పిల్లలు కళ్ళు నాకిచ్చి చెవులు వాడికిచ్చేవారు. ఇది చూసిన పెద్ద అయ్యగారు, అంటే మా చుట్టుపక్కల చర్చిలన్నిటినీ చూసుకునే పాస్టరుగారు, ఒక మాట చెప్పి వెళ్ళారు. ఇంత చిన్న సంఘానికి రెండు క్లాసులెందుకు, కోత పండుగకు వచ్చినప్పుడు పిల్లలు ఎవరి దగ్గర ఉంటే వారికే సండేస్కూలు అప్పగిస్తానన్నారు.

అప్పటినుంచి నాకు నిద్ర లేదు. ఆ తర్వాతి ఆదివారం నా శక్తినంతా కూడదీసుకుని సముద్రం రెండుగా చీలిన సంగతి చెప్పాను. చేతులు చాపి, గొంతు పెంచి, నీళ్ళను ఇటూ అటూ గోడల్లా నిలబెట్టాను. అప్పుడు ఏలియా అనే పిల్లవాడు లేచాడు.

"సార్, సముద్రమంటే మీరాలం చెరువంత ఉంటదా?"

"ఇంకా పెద్దగ ఉంటది."

"ఎంత పెద్దగ?"

"మస్తు పెద్దగ."

"మీరు చూసిండ్రా సార్?"

నేను చూడలేదు. అబద్ధమాడలేను, నిజం చెప్పలేను. అంతలో వరండాలో హార్మోనియం మోగింది. ఆ క్షణంలో నాకు దర్శనం లాంటిది కలిగింది. పిల్లలను సముద్రం దగ్గరికి తీసుకుపోలేను, సముద్రాన్నే పిల్లల దగ్గరికి తెస్తాను. అది పైనుంచి వచ్చిన దర్శనమనే నమ్మాను. ఎటునుంచి వచ్చిందో ఇప్పుడు నాకు అనుమానమే.

మా బావమరిది సామ్యేలు బెజవాడ వైపు పోయే రైల్లో పనిచేసేవాడు. బందరు వెళ్ళి సముద్రపు నీళ్ళు, చేపలు తెమ్మని కాళ్ళావేళ్ళా పడ్డాను. నా భార్య కరుణమ్మకు ఈ పని బొత్తిగా నచ్చలేదు. మన బావిలో నీళ్ళుండగా అన్ని మైళ్ళ దూరంనుంచి నీళ్ళు తెప్పించేవాణ్ణి పిచ్చాసుపత్రి వాళ్ళు వెతుక్కుంటూ వస్తారంది. నేను వినిపించుకోలేదు. బేగంబజార్‌లో ఒక మిఠాయి దుకాణం వాళ్ళు పారేయబోతున్న గాజు బీరువాను నా క్లాసుకు తెచ్చి, వెల్లకిలా పడుకోబెట్టి, మూలలకు తారు పూసి సముద్రానికి ఇల్లు కట్టాను. నెల దాటినా దాని చుట్టూ జిలేబీ వాసనకు చీమలు తిరిగేవి.

సామ్యేలు రెండు చెక్క పీపాల నీళ్ళతో, నాలుగు కుండల చేపలతో దిగాడు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. చేపలకు గాలి ఆడాలని దారి పొడుగునా చేత్తో కుండల్లో నీళ్ళు కలుపుతూ కూర్చున్నాడట.

"బావా, నీకు దండం పెడ్త. ఇంకోసారి నన్ను గిట్ల సతాయించకు. నా సొంత పోరగాండ్లను గూడ నేను గింత పానంగ చూస్కోలే."

ఇంతా చేస్తే పన్నెండు చేపలు బతికి వచ్చాయి. వేలెడంత పొడవు, వెండి మెరుపు, పక్కన పసుపు చార. పిల్లలూ పన్నెండుమందే. ఇది దేవుని చేయి కాక మరేమిటి? ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క చేపను ఇచ్చి, ఆ బిడ్డ పేరే దానికి పెట్టాను. పెట్టెలోకి గాలి పంపడానికి ఒక సైకిలు పంపు తెచ్చాను. వంతులవారీగా పిల్లలే కొట్టేవారు. పంపు కోసం కొట్లాటలయ్యాయి. మాదన్నపేట నుంచి కూడా జనం వచ్చి చూసి పోయారు. వరండాలో ఆశీర్వాదం ఒక్కడే కూర్చుని తన హార్మోనియానికి తానే పాట నేర్పుకుంటున్నాడు. అది చూసి నేను సంతోషించాను. దేవుడు వెంటనే గమనించాడు.

మరుసటి వారమే ఏలియా చేప పొట్ట పైకి పెట్టి తేలింది. గాయం లేదు, రోగం లేదు. ఏలియా దాన్ని చూశాడు, నన్ను చూశాడు, సంచి తీసుకున్నాడు.

"నా చేప లేదు గద సార్. ఇగ ఈడ నేనేం జెయ్యాలె?"

నేను దీనికి సరిపోయే వాక్యం వెతకడం మొదలుపెట్టాను. వాడు వరండాలోకి వెళ్ళాడు. కాసేపటికి వాడి గొంతు పాటలో వినపడింది. శ్రుతి లేదు, కాని నా గుండెల్లో దిగింది.

నేను ఆలోచనలో పడ్డాను. ఎండలకు పెట్టెలో నీళ్ళు జానెడు తగ్గాయి. నీళ్ళు పోయాయంటే నీళ్ళలోని ఉప్పు కూడా పోయినట్టే, ఉప్పు తగ్గితే సముద్రపు చేప ఎలా బతుకుతుంది? కాబట్టి బావినీళ్ళు నింపి, దోసిలితో ఉప్పు కలిపాను. ఈ లెక్కలో తప్పు కనిపెట్టిన పాఠకులు దయచేసి అప్పుడే అరవకండి. నేను ఇంకా మునగవలసింది చాలా ఉంది.

ఇంకో చేప పోయింది. ఉప్పు చాలలేదనుకుని మరి రెండు దోసిళ్ళు వేశాను. ఇంకొకటి పోయింది. పిల్లి పని కావచ్చునని కాపు కాశాను. పిల్లి వచ్చి, పెట్టె అంచున కూర్చుని, ఒకసారి నాలుక ముంచి, నావైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. విషయమంతా ఆ చూపులో ఉంది. నాకు హెబ్రీ అక్షరాలు నాలుగు వచ్చు కాని పిల్లి భాష రాదు.

ఇంతలో సుందర్ చేప చచ్చింది. పంపు కొడుతున్న పిల్లలు "సుందర్ సచ్చిపోయిండు" అని వీధిలోకి పరుగెత్తారు. కూరగాయలు కొంటున్న సుందర్ తల్లి సంచి అక్కడే పడేసి, గుండెలు బాదుకుంటూ వచ్చింది. సుందర్ చర్చి గోడ పక్కన గోలీలాడుతున్నాడు. ఆమె వాణ్ణి పట్టుకుని ఏడ్చి, రెండు తగిలించి, మళ్ళీ ఏడ్చి నావైపు తిరిగింది.

"పంతులూ, నీకో దండం. నా కొడుకు పేరు దేనికి వెట్టకు. హార్మోనియం వెట్టె అయితే సావదు గద."

సుందర్ కూడా వరండాకు వెళ్ళాడు. చేప పోయిందంటే పిల్ల పోయినట్టే. పొద్దున లేస్తే ముందు చేపలను లెక్కపెట్టి, తర్వాత నా బతుకెంత మిగిలిందో లెక్కపెట్టుకునేవాణ్ణి. చివరికి రాహేలు అనే పిల్ల ఒక్కతే మిగిలింది, ఆమె చేప ఒక్కటే మిగిలింది. పెద్ద అయ్యగారు రావడానికి ఇంకా వారం ఉంది.

అప్పుడు నాకు అసలు కారణం తెలిసిందనుకున్నాను. సంఘంలో ఎవరో పాపం దాచిపెట్టారు. దాచిన పాపం ఒకటుంటే సైన్యమంతా ఓడిపోతుందని నేనే ఎన్నోసార్లు బోధించాను. ఉపవాస కూడిక పెట్టించి, లేచి నిలబడి, ఒక నిర్దోషి ప్రాణం మీ ఒప్పుకోలు కోసం ఎదురుచూస్తోందని కన్నీళ్ళతో బతిమాలాను. నేను కన్నీళ్ళు పెట్టుకుంటే మా వాళ్ళు తట్టుకోలేరు.

మొదట గేదెలు కాసే యాకోబు లేచాడు. తాను పాలల్లో నీళ్ళు కలుపుతున్నానన్నాడు. చర్చిలో సగంమంది వాడి దగ్గరే పాలు కొంటారు. ఆ సగంమంది ప్రార్థన మరిచి వాడివైపు తిరిగారు. తర్వాత ఒక పెద్దమనిషి, తాను ఇన్నేళ్ళుగా ప్రార్థనలో కళ్ళు మూసుకున్నది నిద్రకేనని ఒప్పుకున్నాడు. తర్వాత ఆశీర్వాదం లేచాడు.

"చేపలు సావాలని నేను ప్రార్థన జేసిన."

చర్చి అంతా కలకలం రేగింది. "ఎన్నిసార్లు జేసినవ్?" అన్నాను.

"ఒక్కసారే అన్నా. ఏలియా చేపతోనే నాకు బుగులైంది, బంద్ జేసిన. తక్కినవి ఎట్ల సచ్చినయో నాకెర్కలేదు."

అంతటితో అయిపోతే బాగుండేది. ఆడవాళ్ళ వైపునుంచి కరుణమ్మ లేచింది.

"మా ఆయనకు పది దినాలసంది ఉప్పులేని కూర పెడ్తున్న. అడిగితే మర్చిపోయిన అని అబద్ధం జెప్పిన. ఇంట్ల ఉన్న ఉప్పంత ఆ అద్దాల పెట్టెల వోస్తుండు. నేనేడికెళ్ళి తేవాలె?"

కూర చప్పగా ఉంటే, నాలో భక్తి పెరిగి రుచి మీద ఆశ చచ్చిందనుకున్నాను. ఆ సంగతి చర్చిలో సాక్ష్యంగా కూడా చెప్పాను. ఇక దాన్ని వదిలేద్దాం.

ఒప్పుకున్నవాళ్ళంతా ఇప్పుడేం చేయాలని అడిగారు. మా సంఘంలో ఒక ఆచారముంది. ఆడవాళ్ళు అన్నం వండే ప్రతిసారీ పిడికెడు బియ్యం దేవుని పేర పక్కన తీసిపెట్టి, ఆదివారం చర్చికి తెస్తారు. ఈ వారం బియ్యానికి బదులు ప్రతి ఇంటినుంచీ పిడికెడు ఉప్పు తెమ్మన్నాను. శనివారం సాయంత్రం అందరం కలిసి ప్రార్థించి రాహేలు చేపకు సముద్రాన్ని సంపూర్ణం చేద్దామన్నాను.

పిడికెడు అని నేనన్నాను. మనిషి తన పాపాన్ని పిడికిలితో కొలుచుకోడు. ప్రార్థనలో నిద్రపోయే పెద్దమనిషి చెంబుడు తెచ్చాడు. యాకోబు గేదెల కుడితిలో వేసే రాళ్ళ ఉప్పు గంపెడు నెత్తిన పెట్టుకొచ్చాడు. ఆశీర్వాదం ఒక్క ప్రార్థనకు పంచె కొంగు నిండా తెచ్చాడు. కరుణమ్మ పొరుగింట్లో అప్పు తెచ్చి పోసింది. అందరం ఆమెన్ అన్నాం. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. నాకు ఒళ్ళు పులకరించింది.

ఆదివారం పొద్దున చర్చి తలుపు తీసేసరికి రాహేలు నాకంటే ముందే మెట్ల మీద ఉంది. చేప తేలుతోంది. ఆ పిల్ల ఏడవలేదు. పంపు తీసుకుని కొట్టడం మొదలుపెట్టింది.

"ఇగ కొట్టకు బిడ్డా," అన్నాను.

"జరసేపు కొడ్త సార్. లేస్తదేమో."

చచ్చిన లాజరు మళ్ళీ లేచిన సంగతి నేను ఆ పిల్లకు ఎంత బాగా చెప్పానో అప్పుడు తెలిసింది. చాలాసేపు కొట్టి, చెయ్యి నొప్పి పుట్టాక పంపు గోడకు ఆనించి, నా వైపు చూడకుండా వరండాలోకి వెళ్ళింది. జీవితంలో నేను చేసిన ప్రసంగాలన్నీ ఒక ఎత్తు, ఆ పిల్ల నడిచిన ఆ పది అడుగులు ఒక ఎత్తు.

పెద్ద అయ్యగారు వచ్చేసరికి నేను ఖాళీ క్లాసులో చచ్చిన సముద్రం పక్కన కూర్చుని ఉన్నాను. ఆయన పుట్టింది బందరులోనే. చిన్ననాటి సముద్రం పేరు వినగానే ఆయన ముఖం విప్పారింది. వేలు ముంచి నాలుకమీద వేసుకున్నారు. ముఖం ముడుచుకుంది. మంచినీళ్ళు అడిగి రెండు గ్లాసులు తాగారు. తర్వాత పండుగ కానుకల బుట్టలోంచి ఒక కోడిగుడ్డు తీసి పెట్టెలో వేశారు.

గుడ్డు మునగలేదు. తల పైకెత్తి హాయిగా తేలింది. అన్ని వారాల్లో ఆ నీళ్ళలో సుఖపడింది అదొక్కటే. వరండాలోంచి పిల్లలు వచ్చి చప్పట్లు కొట్టారు.

"మా సముద్రంలో వేస్తే మునుగుతుందయ్యా ఇది," అన్నారు అయ్యగారు. "ఎంత ఉప్పు పోశావేమిటి?"

చెప్పాను. నీళ్ళు తగ్గినప్పుడల్లా పోశాననీ, చేప చచ్చినప్పుడల్లా పోశాననీ, చివరికి సంఘమంతా కలిసి పోశామనీ చెప్పాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఎండకి నీళ్ళు పోతాయి నాయనా, ఉప్పు ఎక్కడికి పోతుంది? ఉత్త బావినీళ్ళు పోస్తే సరిపోయేది. మా వైపు ఉప్పుమళ్ళలో చేసేది ఇదే. నువ్వు కట్టింది సముద్రం కాదు, ఉప్పుమడి."

"చాలా ప్రార్థన చేశానయ్యగారూ."

"ప్రార్థనకేం, బాగానే చేసి ఉంటావు. మధ్యలో ఒక్కసారి నాలుక పెట్టి చూడవలసింది."

పిల్లలు పన్నెండుమందీ ఆశీర్వాదం వెనక నిలబడి ఉన్నారు. అడగవలసిన పని లేకపోయింది. సండేస్కూలు వాడికే ఇచ్చారు. ఆశీర్వాదం తల వంచుకుని నిలబడ్డాడు, గెలిచినవాడిలా లేడు పాపం. నా ముఖం చూసి అయ్యగారికి జాలి కలిగినట్టుంది. పెద్దవాళ్ళకు వారానికొక పాఠం చెప్పుకొమ్మన్నారు.

"సముద్రం జోలికి పోకు. ఎడారి ప్రయాణం సంగతి చెప్పుకో. ఇసుక ఎక్కడైనా దొరుకుతుంది, అందులో చచ్చిపోవడానికి ఏమీ ఉండదు."

ఆ ఎడారిలోనే ఒక తరమంతా చచ్చిపోయిందని నేను ఆయనకు గుర్తుచేయలేదు. ఉన్న ఆ కాస్త పని కూడా పోతుందని భయం.

ఆ సాయంత్రం మోకాళ్ళూని ఒక మొక్కుబడి చేసుకున్నాను, ఇన్నేళ్ళుగా అక్షరం పొల్లుపోకుండా నిలబెట్టుకుంటున్నాను. సృష్టిలో ఐదో దినాన దేవుడు చేసిన పనిలో, అంటే ఈదే, ఎగిరే ప్రాణులన్నిటి విషయంలో, బతికినంత కాలం నేను వేలు పెట్టను. మిగతా ఐదు దినాల పని గురించి మాత్రం మాటివ్వలేను. మా పెరట్లో నేను వేసిన కొబ్బరిమొక్క ఎందుకో వాడిపోతోంది, దాని సంగతేమిటో చూడాలి.